ఆషాఢంలో విప్పిన లెన్సు

మా తాడిపత్రిలో దుమ్ము గురించి మాట్లాడేవాణ్ని పనిలేనివాడి కింద లెక్కేస్తారు. ఊరి చుట్టూ బండలు కోసే మిషన్లు, పాలిష్ పట్టే మిషన్లు, వాటి మధ్య లారీలు. పొద్దున కడిగిన గడప మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆరేసిన చీరను నాలుగుసార్లు దులిపి మడత పెట్టడం మా ఆడవాళ్లకు ఎంత అలవాటంటే, పెళ్లయి బెంగళూరు పోయిన మా మేనకోడలు అక్కడ కూడా ఉత్తినే దులుపుతుందట. అటువంటి ఊళ్లో ఫోటో స్టూడియో పెట్టుకుని ఇరవై ఏళ్లుగా బతుకుతున్న నేను, ఒక లెన్సులో పడిన దుమ్ము కోసం నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నవ్వితే నవ్వండి. నాకైతే నవ్వు రాదు.

పామిడి దగ్గర ఒక పల్లెలో పెళ్లి తీస్తుండగా మొదలైంది ఈ పిచ్చి. నాది ముందుకీ వెనక్కీ సాగే లెన్సు. సాగినప్పుడల్లా గాలి పీలుస్తుంది, గాలితో పాటు దుమ్మునూ పీలుస్తుంది. అది దాని గుణం, దాన్ని తప్పు పట్టలేం. భోజనాల దగ్గర పెళ్లికూతురి అన్న నా కెమెరా అడిగి తీసుకున్నాడు. వాడి మెడలో నా దానికంటే ఖరీదైన కెమెరా వేలాడుతోంది. లెన్సు ఊడదీసి ట్యూబులైటు వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు.

"ఏమన్నా, దీంట్లో మన్ను మోస్తాండావా? రెండు గంపలు ఎత్తొచ్చు!"

పంక్తిలో కూర్చున్నవాళ్లంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, పెళ్లివారి ముందు నవ్వక ఏం చేస్తాం. లోపల మాత్రం ఒళ్లు మండిపోయింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. పని బాలేదని అంటే పడతాను గానీ, సామాను బాలేదని నలుగురిలో అంటే తట్టుకోలేను.

ఆ రోజు నుంచి పొద్దున లేవగానే నాకు అదే పూజ. దేవుడి పటానికి దండం కూడా పెట్టకముందే లెన్సులోకి టార్చి వేసి చూడటం. తొమ్మిది చుక్కలు ఉండేవి. ముందు అద్దం వెనకాల అయిదు, ఇంకా లోతులో నాలుగు. బ్లోయర్‌తో ఊదాను. బోర్లించి అరచేత్తో తట్టాను. ఎవరో చెబితే విని, వారం రోజులు బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. అది తేమ పట్టిన లెన్సులకు చేసే వైద్యమట. మా ఊళ్లో తేమ ఎక్కడుంది, నా మొహం! బయటికి తీసి చూస్తే తొమ్మిది కాస్తా పన్నెండయ్యాయి. తవుడు కూడా లోపలికి చేరింది.

మా ఆవిడ డబ్బా మూత తీసి చూసి, "ఇంగ అన్నంలోకి కూర వద్దులే, లెన్సు నంజుకుందాం" అంది.

మా నాయన గడప మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన నా దగ్గరే. పాలిష్ మిషన్ దగ్గర ముప్పై ఏళ్లు పని చేసిన మనిషి. సన్నటి ఒళ్లు, మాట తక్కువ, తిట్టు ఎక్కువ. పని మాని నాలుగేళ్లయింది గానీ దగ్గు మానలేదు. ఒక రోజు నేను టార్చి పట్టుకుని ఉండగా అడిగాడు.

"ఏమిరా, దినామూ దాంట్లోకి సూస్తాండావు? బంగారు పడిందా ఏమి?"

"దుమ్ము పడింది నాయనా."

"దుమ్మా? దుమ్ము యాడ లేదురా? నేను ముప్పై ఏండ్లు మింగినా. నాకేమైంది?"

ఆ నాలుగు ముక్కలు పూర్తి చేయడానికి ఆయన రెండుసార్లు ఆగి దగ్గాడు. నాకు నవ్వొచ్చింది. ఎదురుగానే నవ్వాను. ఇప్పుడు అది గుర్తొస్తే చెప్పు తీసుకుని నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మా వైపు వయసైనవాళ్లు ఒంటరిగా ఫోటో దిగరు. ఒక్కరే దిగితే అది దండ వేసే ఫోటో అయిపోతుందని భయం. "నన్ను సాగనంపేదానికి సూస్తాండావా?" అని తిట్టి లేచిపోయిన అవ్వలు నాకు బాగా తెలుసు. అందువల్ల మనిషి పోయాక ఇంట్లోవాళ్లు ఏ పెళ్లిలోదో ఒక గుంపు ఫోటో పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. ఆ గుంపులోంచి మనిషిని కత్తిరించి, వెనక నీలం రంగు వేసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టించి ఇస్తాను. నా బతుకులో సగం పెళ్లిళ్లు, మిగతా సగం ఈ పటాలే.

మా అమ్మ పటం కూడా అట్లా చేసిందే. అక్క పెళ్లి ఫోటోలోంచి తీశాను. అమ్మను ఆనుకుని ఎవరో ఒకామె నిలబడి ఉంది. అమ్మ చేయి తెగకుండా ఆమెను తీసేయడం నాకప్పట్లో చేతకాలేదు. ఎర్ర జాకెట్టు వేసిన ఒక భుజం ముక్క అమ్మ పక్కనే ఉండిపోయింది. నాయన రోజూ పొద్దున ఆ పటం ముందు ఊదొత్తి వెలిగించేవాడు. ఆ భుజం ఎవరిదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆషాఢం మా ఫోటోగ్రాఫర్లకు సెలవు నెల. ముహూర్తాలుండవు. కెమెరాలు, లైట్లు బాగు చేయించుకునేది అప్పుడే. నేను లెన్సును పాత టవల్లో చుట్టుకుని అనంతపురం బస్సెక్కాను. బయట ఆషాఢపు గాలి, వాన తేకుండా ఒట్టి మన్నే మోసుకొచ్చే గాలి. కిటికీ అద్దం మూసి, లెన్సును చొక్కా లోపల పెట్టుకుని కూర్చున్నాను.

అక్కడ లెన్సులు బాగుచేసే పెద్దాయన ఒకడున్నాడు. అందరూ భాయ్ అంటారు. ఆయన లెన్సును ఒకసారి వెలుతురులో తిప్పి చూసి నాకే తిరిగి ఇచ్చేశాడు.

"దీనికేమప్పా? బాగానే ఉండాది."

"దుమ్ము భాయ్. పన్నెండు చుక్కలు."

"లోపలి దుమ్ము ఫోటోలో పడదు. నీ ఫోటోలో మచ్చ పడితే అది కెమెరా లోపలి సెన్సార్ మీద ఉండే దుమ్ము. కెమెరా తెస్తే దాన్ని తుడిచిస్తా, టీ తాగేలోపల అయిపోతాది. లెన్సు మాత్రం విప్పించొద్దు. విప్పితే అద్దాలన్నీ మల్లా అదే జాగాలో కూర్చోవల్ల. యెంట్రుకంత జరిగినా ఫోకస్ పోతాది."

"కంటికి కనబడతాంది గదా భాయ్."

"కనబడితే దాంట్లోకి సూడొద్దు. దాంట్లోంచి సూడు" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వు నాకు పంక్తిలో విన్న నవ్వులా వినిపించింది. మొండికేశాను. విప్పు భాయ్, నీకెందుకు, ఏమైనా నాదే పూచీ అన్నాను. ఆయన తల గోక్కుని, "పది దినాలు పడతాది మరి" అన్నాడు. లెన్సును అక్కడ వదిలిపెట్టి వచ్చాను.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు నా షాపు మెట్ల దగ్గర దగ్గు వినిపించింది. చూస్తే నాయన. గడ్డం నున్నగా గీయించుకున్నాడు. అక్క కొనిపెట్టిన తెల్ల చొక్కా, ఇస్త్రీ పంచె. ఇంటి నుంచి షాపు దాకా నడిచి వచ్చాడు. ఆయన వెనకాలే నీళ్ల బాటిలు పట్టుకుని మా ఆవిడ ఆయాసపడుతూ వచ్చింది. వద్దంటే వినకుండా బయల్దేరాడని, దారిలో రెండుచోట్ల అరుగుల మీద కూర్చున్నాడని చెప్పింది.

నాయన తిన్నగా లోపలికి వచ్చి, ఫోటోలకు కట్టిన నీలం గుడ్డ ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒక ఫోటో తీయిరా."

"ఎవరికి నాయనా?"

"నాకేరా, ఇంగెవురికి?"

"ఒక్కడివేనా?"

"ఒక్కన్నే. మీయమ్మ పటంలో ఎవురిదో బుజం ఉండాది. దినామూ అగరొత్తి దానికీ సూపిస్తాండా. నన్ను అట్ల కత్తిరించి పెట్టొద్దప్పా. అంతా నాదే ఉండల్ల. బాగా తీయి."

నాకు భయమేసింది. ఆ భయాన్ని కోపం కింద దాచుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. "ఏం మాటలు నాయనా అవి?" అని కసిరాను. తర్వాత, లెన్సు అనంతపురంలో ఉందని, పది రోజుల్లో వస్తుందని, అది వస్తే మీసంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకునేంత బాగా తీస్తానని చెప్పాను.

అప్పుడు అల్మరాలో పాస్‌పోర్టు ఫోటోలు తీసే పాత చిన్న కెమెరా ఉంది. జేబులో ఫోన్ ఉంది. మా ఆవిడ అననే అంది కూడా.

"ఫోన్లో అన్నా తీయి. మామ ఇంత దూరం నడిచొచ్చినాడు."

"ఫోన్లో తీసేదానికి నేనెందుకు, ఈ షాపెందుకు? నోరు మూసుకో" అన్నాను.

ఊరందరినీ తీసిన చేత్తో మా నాయనను ఫోన్లో తీస్తానా అనేది నా బడాయి. అది ఒకటైతే, చెప్పుకోవడానికి సిగ్గుపడేది ఇంకొకటి ఉంది. ఆ ఫోటో తీయనంత కాలం ఆయనకు ఏమీ కాదని నాకు లోపల్లోపల అనిపించింది. ఫోటో దిగనని పారిపోయిన అవ్వలను చూసి నవ్వినవాణ్ని, ఆ రోజు వాళ్ల కంటే ఘోరంగా భయపడ్డాను.

నాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఇంకొంచెంసేపు ఆ నీలం గుడ్డ ముందే కూర్చున్నాడు. కెమెరా లేదు, లైటు లేదు. నా వైపే చూశాడు. తర్వాత "సరేలే, రానీ" అని లేచాడు. వాళ్లిద్దరినీ ఆటో ఎక్కించి పంపాను.

పది రోజులు పోయాయి. భాయ్ ఫోన్ చేసి, విప్పితే లోపల ఒక రింగు అరిగిపోయి ఉందని, అది బెంగళూరు నుంచి రావాలని చెప్పాడు. నేను ఫోన్లోనే నానా మాటలూ అన్నాను. ఆయన పాపం అన్నీ విని, "నేను వద్దంటి గదప్పా" అని మాత్రం అన్నాడు.

నాయన రోజూ సాయంత్రం నేను చెప్పులు విడవకముందే అడిగేవాడు, "వచ్చిందా?" అని. తెల్ల చొక్కాను మడతపెట్టనివ్వక కొక్కేనికి తగిలించి ఉంచాడు. రోజు మార్చి రోజు గడ్డం గీయించుకునేవాడు. తర్వాత మంగలి అంగడి దాకా నడవలేకపోయాడు. ఇంటికి పిలిపిస్తానంటే "ఇబుడెందుకులే" అన్నాడు. ఒక సాయంత్రం నేను వచ్చి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని కూడా వచ్చాను. ఆయన అడగలేదు. మంచం మీద కూర్చుని రెండు చేతులూ పట్టెకు ఆనించి గాలి కోసం గుంజుకుంటున్నాడు.

అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్క కూడా వచ్చింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఏం పని చేసేవాడు?" అని అడిగాడు. బండలు పాలిష్ పట్టేవాడని చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. అది రాతి పొడి అని, రొమ్ములో పేరుకుపోయిందని, ఇక పోయేది కాదని నెమ్మదిగా చెప్పాడు.

ఆ ఫిల్ము తీసుకుని వరండాలోకి వచ్చి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. రెండు పక్కలా తెల్లటి చుక్కలు. లెక్కపెట్టబోయి మానేశాను, లెక్కకు వచ్చేటన్ని కాదు. లెన్సులో తొమ్మిది చుక్కలున్నాయని రోజూ టార్చి వేసినవాణ్ని, పక్క గదిలో దగ్గుతున్న మనిషి రొమ్ములో ఏముందో డాక్టరుకు ఒక్కరోజైనా చూపించలేదు. ఆషాఢం మొదట్లో అనంతపురం బస్సు ఎక్కించాల్సింది ఆయన్ను. నేను లెన్సును చొక్కాలో పెట్టుకుని ఎక్కాను. అక్కడే వరండాలో, జనం చూస్తుండగా గోడకు తల కొట్టుకుని ఏడ్చాను.

ఆసుపత్రిలో ఉన్న నాలుగో రోజు భాయ్ ఫోన్ చేశాడు. లెన్సు తయారైందన్నాడు. నాయన దగ్గర అక్కను కూర్చోబెట్టి ఆటోలో వెళ్లాను. భాయ్ టార్చి వేసి చూపించాడు. ఒక్క చుక్క లేదు, కొత్త దానిలా ఉంది. ఫోన్లో తిట్టినందుకు మన్నించమని అడిగాను. ఆయన నా ముఖం చూసి, ఏమైందని అడిగి తెలుసుకుని, కూలి తీసుకోకుండా పంపించాడు.

సంచీ భుజానికి తగిలించుకుని వార్డులోకి వెళ్లాను. నాయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంది. దవడలు లోపలికి పోయాయి, నెరిసిన గడ్డం ఆ మాస్కు అంచుల దగ్గర నలిగిపోయి ఉంది. ఆయన చూపు ముందు సంచీ మీద పడింది, తర్వాత నా మీద. మాస్కును చేత్తో కిందికి లాగాడు.

"వచ్చిందా?"

"వచ్చింది నాయనా."

నా చేయి సంచీ జిప్పు మీదికి పోయింది. ఆయన అరచేయి ఎత్తి ఆపాడు.

"ఈ మొగంతో వద్దురా. బాగైనాక తీద్దువు."

మాస్కును తనే పైకి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులకు పోయాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. మా వైపు చనిపోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ ఇంట్లోవాళ్లు నిలబడి ఆఖరి ఫోటో తీయించుకుంటారు. అట్లాంటివి నేను ఎన్ని తీశానో నాకే తెలియదు. ఆ రోజు మా వీధి పెద్దాయన దగ్గరికి వచ్చి, "ఏమప్పా, నీ చేతిలోనే ఉండే పని. నీ నాయనకు తీసుకోవా?" అన్నాడు. వద్దన్నానంటే వద్దన్నాను. ఎవరో ఫోన్ ఎత్తితే మీదికి పోయాను. నన్ను పట్టుకుని పక్కకు తీసుకెళ్లారు. ఈ ముఖంతో వద్దని ఆయన చెప్పాడు, ఆ ఒక్క మాటైనా నేను వినకపోతే ఎట్లా?

మరి కర్మ చేసే పెద్దదినానికి పటం కావాలి. షాపు షట్టర్ సగం దించుకుని కూర్చుని, ఇరవై ఏళ్ల పెళ్లిళ్లు, నామకరణాలు, గృహప్రవేశాలు అన్నీ వెతికాను. మా చుట్టాల ఇళ్లలో తీసిన ఏడు ఫోటోల్లో నాయన దొరికాడు. ఏడింటిలోనూ మూతికి టవలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. మిషన్ దగ్గర ముక్కూ మూతీ కలిపి టవలు కట్టుకుని పనిచేసిన మనిషి. కెమెరా ఎత్తగానే దగ్గొచ్చి ఫోటో చెడిపోతుందేమోనని ముందుగానే టవలు మూతి మీదికి తెచ్చుకునేవాడు. నుదురు ఉంది, కళ్లున్నాయి, ముక్కు సగం ఉంది. దాని కింద ఒట్టి టవలు. ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేస్తే మూతి ఉన్నచోట నల్లటి మరక వచ్చింది. రెండు రోజులు ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నాను. మా నాయన మూతి ఈ లోకంలో ఎక్కడా లేదు.

ముక్కు కింద అంతా నాయన పోలికేనని నన్ను చిన్నప్పటి నుంచీ అంటారు. మూడో రోజు స్టాండుకు కెమెరా బిగించి ఆ లెన్సు తగిలించాను. నీలం గుడ్డ ముందు స్టూలు మీద నేనే కూర్చున్నాను. టైమరు పెట్టి నా మూతిని ఫోటో తీసుకున్నాను. అంత యాతన పడి, అన్ని రోజులు కాచుకుని తుడిపించిన లెన్సుతో మొదట తీసింది అదే. ఎంత స్పష్టంగా వచ్చిందో! దాన్ని కత్తిరించి, ఆ ఏడింటిలో నాయన తెల్ల చొక్కా వేసుకున్న దాంట్లో టవలు తీసేసినచోట అతికించాను. మీసానికి తెలుపు వేశాను. పెదవుల పక్కన ముడతలు గీశాను. అతుకు తెలియకుండా పని చేయడం నాకిప్పుడు బాగా చేతనవుతుంది.

పెద్దదినం నాడు పటం పెట్టి దండ వేశాం. వచ్చినవాళ్లందరూ మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉందన్నారు. మా ఆవిడకు తెలుసు, ఆమె వంటల దగ్గరి నుంచి ఇవతలికి రాలేదు. అందరూ భోజనాలకు లేచాక అక్క ఒక్కతే పటం ముందు కూర్చుని చాలాసేపు చూసింది. నన్ను పిలిచింది.

"ఏమప్పా, నాయన ఎబుడు దిగినాడు ఇది? టవలు లేకుండా?"

"మొన్న ఆషాఢంలో. తెల్ల చొక్కా ఏసుకుని షాపుకు వచ్చినాడు, అబుడు తీసినా" అన్నాను.

నేను మాట్లాడుతున్నంతసేపూ ఆమె నా మూతినే చూస్తూ ఉంది. తర్వాత పటం వైపు తిరిగింది. మళ్లీ నా వైపు చూసింది. చేయి చాపి నా గడ్డం పట్టుకుని, "నాయనా" అని ఏడ్చింది.